మిద్దెపై పాచి

ఎండకు, వానకు, చలికి తాళలేక మానవుడు ఇల్లు కట్టుకొనెను. ఇంటికి గోడలు కలవు, తలుపులు కలవు, కిటికీలు కలవు. కాని ఇంటిని ఇల్లుగా చేయునది పైకప్పు. అది లేనిచో తక్కినవన్నియు ఉండియు లేనట్లే. "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పుదురు. కట్టుట కష్టమే, కట్టినదానిని కాపాడుకొనుటకు అంతకంటె ఎక్కువ ఓర్పు కావలెను. పండుగ వచ్చినచో జనులు గోడలకు సున్నము వేయుదురు. వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టుదురు. పైకప్పు కంటికి ఎదురుగా నుండదు గనుక దానిని మఱచిపోవుదురు. వానకాలమున ఏ పనికో మిద్దె యెక్కి, పచ్చని పాచిపై కాలు జారిన నాడు గాని అది జ్ఞాపకమునకు రాదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములు తెలంగాణ రాష్ట్రమున దక్షిణపు దిక్కున, కృష్ణానది కుత్తరముగా ఉన్నవి. సూర్యాపేట, కోదాడలు హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై నున్నవి. 2016వ సంవత్సరమున నల్లగొండ జిల్లాను విభజించి సూర్యాపేటను వేఱొక జిల్లాగా చేసిరి. కోదాడ ఆ జిల్లాలో చేరినది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినది. ఈ ప్రాంతమున వేసవి యెండలు మిక్కుటముగా నుండును. కొన్ని సంవత్సరములలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుటయు కలదు. జూను మాసమున నైరుతి ఋతుపవనములు వచ్చి, సెప్టెంబరు వరకు వానలు కురియును.

1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన దాని కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువ నీటితో ఈ ప్రాంతమున వరి విస్తారముగా పండుచున్నది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. ఇండ్లు కూడ మాఱినవి. పూర్వము గూనపెంకుల ఇండ్లు, బెంగుళూరు పెంకుల ఇండ్లు, గానుగలో నూరిన సున్నముతో గచ్చు చేసిన మిద్దెలు కానవచ్చెడివి. నేడు సిమెంటు, ఇనుప చువ్వలతో వేసిన స్లాబు ఇండ్లే ఎక్కువ. ఇల్లు ఏ తీరుదైనను వానలు పడిన కొన్నాళ్లకు దానిపై పాచి పుట్టుట మాత్రము తప్పుట లేదు.

ఇంతకును ఈ పాచి యేమి? దీనిని కొందఱు పాచి యనియు, కొందఱు పాకుడు అనియు, కొందఱు నాచు అనియు పిలుచుదురు. శాస్త్రజ్ఞులు దీనిని శైవలము లందురు. వీనికి వేరు లేదు, కాండము లేదు, పువ్వు లేదు, కాయ లేదు. ఒక్కొక్కటి కంటికి కనబడనంత చిన్నది. ఐనను వీనిలో ఆకులలోవలెనే పత్రహరితము కలదు. సూర్యకాంతి, నీరు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఉన్నచో ఇవి తమ ఆహారమును తామే సిద్ధము చేసికొనగలవు. ఇవి ధూళితోడను, నీటి తుంపరలతోడను గాలిలో ఎగిరి వచ్చి, తడి దొరికిన చోట స్థిరపడి పెరుగును. కావున వీనిని ఎవరును తెచ్చి నాటనక్కరలేదు; వలదని తలుపు మూయుటకును వీలులేదు.

మిద్దెలపై కనబడు పాచిలో ఎక్కువ భాగము నీలి ఆకుపచ్చ శైవలములు. వీనిని నేటి శాస్త్రజ్ఞులు బాక్టీరియాల వర్గములో చేర్చి, సయనోబాక్టీరియా లని పిలుచుచున్నారు. ఇవి భూమిపై మిక్కిలి ప్రాచీనములైన జీవులలో చేరినవి. వీని పూర్వజీవులు విడిచిన ప్రాణవాయువు చేతనే సుమారు 240 కోట్ల సంవత్సరముల క్రిందట భూమి చుట్టునున్న గాలిలో ప్రాణవాయువు చేరసాగెను. నేడు మనుష్యుడు పీల్చు గాలికి తొలి పునాది వేసినది ఇంత అల్పమైన ప్రాణి యనిన ఆశ్చర్యము కలుగక మానదు.

వేసవిలో మిద్దెపైని పాచి ఎండి నల్లని పొరగా మాఱును. దానిని చూచి కొందఱు మసి యనుకొందురు. మఱికొందఱు పాచి చచ్చినదని సంతోషింతురు. రెండును పొరపాటే. ఈ జీవులలో కొన్ని తీవ్రమైన యెండకు తట్టుకొనుటకై గోధుమవన్నె రంగు నొకదానిని తమ చుట్టు కప్పుకొనును. అది వానికి గొడుగు వంటిది. మఱియు జిగటగా నుండు పొర యొకటి వీనిని ఆవరించి యుండును. నీరున్నప్పుడు ఆ పొర నీటిని పీల్చి ఉబ్బును. నీరు లేనప్పుడు ఎండి ముడుచుకొని పోవును. లోపలి జీవి మాత్రము చావక, నిద్రించుచున్నట్లు పడియుండును. తొలకరి జల్లు పడగానే అది మరల మేలుకొనును. వైశాఖపు టెండలో నల్లగా కనబడిన మిద్దె ఆషాఢమున పచ్చబడుటకు కారణ మిదియే.

ఈ జాతి జీవు లన్నియు మనుష్యునకు శత్రువులు కావు. మిర్యాలగూడ చుట్టునున్న వరిమళ్లలో నిలిచిన నీటిపైనను ఇట్టి శైవలములు పెరుగును. వానిలో కొన్ని గాలిలోని నత్రజనిని గ్రహించి, పైరునకు పనికివచ్చు రూపమున నేలకు చేర్చును. వరిపొలమునకు ఈ విధముగా కలుగు మేలును 1939లో పి. కె. డే అను భారతీయ శాస్త్రజ్ఞుడు ప్రయోగములతో నిరూపించెను. మడిలో ఎరువైనది మిద్దెపై చెఱుపు చేయుచున్నది. దోషము జీవిది కాదు. అది చేరిన చోటిది.

పాచి పెరుగుటకు కావలసినవి నాలుగు: నీరు, వెలుతురు, ధూళి, పట్టు దొరకు గరుకుతలము. వీనిలో వెలుతురును ఎవరును ఆపలేరు. ధూళి ఎల్లప్పుడును పడుచునే యుండును. వరి మిల్లుల దగ్గరి ఇండ్లపై ఊక, దుమ్ము మఱి కొంచెము ఎక్కువగా పడును. సిమెంటు తలము కొంత గరుకుగానే యుండును. మనుష్యుని చేతిలో నున్నది నీరొక్కటే. మిద్దె నంతటిని ఒక్కసారి తిరిగి చూచినచో ఈ సంగతి తేటపడును. పాచి అంతటను సమానముగా నుండదు. నీటి తొట్టి నిండి పొరలు చోట, పిట్టగోడ మొదట, చెట్టుకొమ్మ నీడపడు మూలలో, ఆకులు చేరి మూసుకొనిన తూము చుట్టును అది దట్టముగా నుండును. వాటముగా నుండి నీరు వెంటనే జారిపోవు చోట పలుచగా నుండును. పాచి యున్న చోటెల్ల "ఇచ్చట నీరు నిలుచుచున్నది" అని వ్రాసి పెట్టినట్లే. జ్వరము వచ్చినప్పుడు ఒళ్లు కాలుట ఎట్టిదో, ఇంటికి పాచి అట్టిది. అది రోగము కాదు. రోగమును తెలుపు గుర్తు.

పాచివలన కలుగు కీడులలో మొదటిది కాలు జారుట. తడిసిన పాచి నూనెవలె జారును. బట్టలు ఆరవేయుటకును, మిరపకాయలు, వడియములు ఎండబెట్టుటకును స్త్రీలు మిద్దె యెక్కుదురు. పిల్లలు గాలిపటము లెగురవేయుటకు ఎక్కుదురు. చేతిలో బరువుండగా జారినచో పట్టుకొనుటకు ఆధార ముండదు. పిట్టగోడ లేని మిద్దెపై జారుట ప్రాణాపాయమే. ముసలివారికి తుంటి యెముక విరిగినచో, వారు మరల నడచుట కష్టమగును.

రెండవ కీడు ఇంటికి. పాచి సిమెంటును నేరుగా తినివేయదు. కాని తడిసిన గోనెపట్టవలె నీటిని పట్టియుంచును. ఎండ వచ్చినను ఆ పొర క్రింది తలము త్వరగా ఆరదు. ఆ తడి సన్నని పగుళ్లగుండ లోనికి దిగి, చువ్వలను చేరును. ఇనుము తుప్పు పట్టినప్పుడు దాని పరిమాణము రెట్టింపునకు మించి పెరుగును. పెరిగిన తుప్పు లోపలినుండి నెట్టుటచేత కాంక్రీటు పగిలి, గది కప్పునుండి పెచ్చులు రాలును. ఎండిన పాచిలో ధూళి చేరి పలుచని మన్నుగా మాఱును. దానిలో గడ్డి మొలచును. పక్షులు వేసిన రావి విత్తు మొలకెత్తును. రావి వేరు పగులులో దూరినచో మిద్దెను చీల్చకమానదు.

మూడవ కీడు వేడిమి. తెల్లని తలము ఎండను చాలవరకు వెనుకకు పంపును. నల్లని తలము దానిని త్రాగును. నల్లబడిన మిద్దె క్రింద నిద్రించువారికి రాత్రియందును ఉక్క తగ్గదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానము నొకదానిని ప్రకటించి, ఎండను త్రిప్పికొట్టు తెల్లని పూతలను ప్రోత్సహించుటకు పూనుకొనెను. అట్టి పూత నిలువవలె నన్నను మొదట పాచి పోవలెను; పాచిపై వేసిన పూత దానితోనే ఊడివచ్చును.

వీనికి తోడు తూములు మూసుకొనుట యను ప్రమాద మున్నది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కుంభవృష్టి కురిసి, కోదాడలో పలు వీధులు నీట మునిగినవి. అట్టి నాడు పాచి, ఆకులు చేరి తూము మూసుకొనిన మిద్దె చెఱువగును. 100 చదరపు మీటర్ల మిద్దెపై 10 సెంటీమీటర్ల లోతు నీరు నిలిచినచో అది 10,000 లీటర్లు. అనగా 10 టన్నుల బరువు. చువ్వలు తుప్పుపట్టిన పాత కప్పుపై ఇంత భారము పడుట ఎంత అపాయమో ఊహింపవచ్చును.

ఇక పాచిని తొలగించు విధము. ఎండి గట్టిపడిన పాచిని గీకుట కష్టము. ఒక జల్లు పడి తెరపి యిచ్చిన ఉదయము ఈ పనికి అనుకూలము. వాన లేనిచో ముందునాటి సాయంకాలము నీరు చల్లి నాననీయవలెను. మొదట ఆకులను, చెత్తను ఏరివేయవలెను. పిమ్మట చెక్కపలకతో మెల్లగా గీకి, కొబ్బరి ఈనెల చీపురుతోగాని, గట్టి పీచు బ్రష్షుతోగాని రుద్దవలెను. వచ్చిన బురదను తట్ట కెత్తి క్రిందికి దింపవలెను; తూములోనికి నెట్టరాదు. ఇనుపతీగల బ్రష్షుతో రుద్దినచో తలము గీతలు పడి మఱింత గరుకగును. మరుసటి యేడు పాచికి మఱింత పట్టు దొరకును.

రుద్దిన తరువాతను సూక్ష్మజీవులు రంధ్రములలో మిగిలి యుండును. వానికి బ్లీచింగు పొడి మందు. 10 లీటర్ల నీటిలో సుమారు 200 గ్రాముల పొడి కలిపి, కొంతసేపు కదలింపక యుంచి, పైకి తేరిన నీటిని వేఱుగా తీసికొనవలెను. దానిని పాచి పట్టిన చోట్ల పోసి, సుమారు 20 నిమిషములు ఉంచి, మరల రుద్ది, మంచి నీటితో కడుగవలెను. ఈ పని చేయునపుడు చేతులకు రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దములు ఉండవలెను. బ్లీచింగు నీటిలో మరుగుదొడ్లు కడుగు ఆమ్లమును ఎన్నడును కలుపరాదు. రెండును కలిసినచో క్లోరిను వాయువు పుట్టి ఊపిరితిత్తులకు హాని చేయును. త్వరగా పోవునని మిద్దెపై ఆమ్లము పోయుటయు తప్పే. అది పాచితోపాటు సిమెంటును గూడ కరగించును. పని పెద్దలు చేయవలెను. జారని పాదరక్షలు తొడుగుకొని, అంచునకు దూరముగా నిలిచి, కరెంటు తీగలను చూచుకొని చేయవలెను.

పెంకుటిండ్లపైని, రేకుల ఇండ్లపైని పద్ధతి వేఱు. తడిసిన పెంకుపై అడుగు పెట్టరాదు. పెంకు పగులును, మనిషియు పడును. నిచ్చెన వేసికొని, అందినంతవరకు మెత్తని చీపురుతో తుడువవలెను. ఆస్బెస్టాసు రేకులను పొడిగా నున్నప్పుడు గీకుట మిక్కిలి ప్రమాదకరము. వాని సన్నని నూలుపోగులు గాలిలో లేచి ఊపిరితిత్తులలో చేరి, ఏండ్లు గడచిన తరువాత ప్రాణాంతకమైన రోగములు కలిగించును. పాత ఆస్బెస్టాసు రేకుల జోలికి పోక, వీలైనప్పుడు మార్చుకొనుటయే మేలు. సూర్యాపేట చేరువనున్న పిల్లలమఱ్ఱిలో కాకతీయుల కాలపు శివాలయములు కలవు. ఎనిమిది వందల యేండ్లనాటి అట్టి రాళ్లపై పాచి కనబడినను సామాన్యులు దానిని గీకరాదు. ఒక్క గీత పడినను శిల్పము చెడును. ఆ పని పురావస్తు శాఖవారి నిపుణులది.

తొలగించుట ఒక ఎత్తు. మరల రాకుండ చేయుట మఱియొక ఎత్తు. బ్లీచింగు నీరు నేడు పాచిని చంపును గాని రేపు నీరు నిలువకుండ ఆపలేదు. కావున మొదట వాటము చూడవలెను. వాన వెలిసిన తరువాత నీరు నిలిచిన గుంటల చుట్టును సుద్దతో గీత గీసి, ఆ చోట్లను మేస్త్రీకి చూపవలెను. స్లాబునకు నూఱు అడుగులకు ఒక అడుగు చొప్పుననైన వాటముండవలెను. అనగా 10 అడుగులకు అంగుళము పైచిలుకు. గుంటలు పూడ్చి, పగుళ్లు మూసి, తూములకు జాలీలు పెట్టవలెను. నీటి తొట్టి పొరలకుండ చూడవలెను; తొట్టికి వెలుతురు చొరని మూత పెట్టినచో లోపలను పాచి పట్టదు. మిద్దెపైకి వంగిన కొమ్మలను కత్తిరింపవలెను. చెట్టును నరుకనక్కరలేదు.

పిదప సున్నము. వానకాలమునకు ముందు మిద్దెకు వెల్ల వేయు పూర్వుల ఆచారమున శాస్త్ర మున్నది. క్రొత్తగా వేసిన సున్నము మిక్కిలి క్షారగుణము కలది. అందు పాచి బ్రతుకజాలదు. అది తెల్లనిదగుటచే ఎండను త్రిప్పికొట్టును. సన్నని పగుళ్లను కొంతవరకు మూయును. కాని అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి క్రమముగా సున్నపురాయిగా మాఱును. అప్పుడు దాని క్షారము తగ్గి, పాచికి మరల చోటు దొరకును. అందుచేతనే వెల్ల యేటేట వేయవలెను. హుజూర్‌నగర్, మేళ్లచెరువు ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు వెలయుటకు కారణమైనదియు ఈ సున్నపురాయియే. రాతిసున్నమును నీటిలో వేసినప్పుడు అది కుతకుత ఉడికి చిమ్మును గనుక పిల్లలు దగ్గఱ నుండరాదు.

బత్తాయి తోటల రైతులు మైలతుత్తమును, సున్నమును కలిపి చెట్ల మొదళ్లకు పూయుదురు. 1885 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటలలో వెలుగులోనికి వచ్చిన బోర్డో మిశ్రమ మిదియే. అందలి రాగి బూజును చంపినట్లే పాచిని గూడ చంపును. ఐనను స్లాబుపై మైలతుత్తము వాడరాదు. అది ఇనుమును తినును. వాన నీటితో కొట్టుకొనిపోయి కుంటలలోని చేపలకు కీడు చేయును.

ఈ ప్రాంతమున మిద్దెను శుభ్రముగా నుంచుటకు మఱియొక గొప్ప కారణ మున్నది. నల్లగొండ ప్రాంతపు భూగర్భజలములలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు ఏండ్ల తరబడి ఒంటిలో చేరినచో పండ్లు గారపట్టును, ఎముకలు వంగిపోవును. ఆ బాధ ననుభవించిన పల్లె లనేకములు. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నములతో తగ్గించు పద్ధతి నొకదానిని నాగపూరులోని జాతీయ సంస్థవారు 1970వ దశకమున రూపొందించిరి. దానికి "నల్లగొండ పద్ధతి" యను పేరే నిలిచినది. పిదప మిషన్ భగీరథ పథకము ద్వారా నదీజలములు పల్లెలకు చేరినవి. ఐనను ఆకాశమునుండి పడు వాన నీటిలో ఫ్లోరైడు దాదాపు ఉండదను సంగతి మఱువరానిది. 100 చదరపు మీటర్ల మిద్దెపై 10 మిల్లీమీటర్ల వాన కురిసినచో 1,000 లీటర్ల నీరు దొరకును. పాచి పట్టిన మిద్దెపై పడిన ఆ నీరు మురుగగును. శుభ్రమైన మిద్దెపై పడినది నిధి యగును. పాచిలోని కొన్ని జాతులు విడుచు విషము నీటిని కాచినను పోదు. కావున నీరు పట్టదలచిన వారు ముందు మిద్దెను కడిగి, మందు నీటిని బయటికి పంపి, తొలి వానల నీటిని వదలివేసి, తరువాతి నీటిని మాత్రమే వడగట్టి నిలువ చేయవలెను. త్రాగదలచినచో ముందు పరీక్ష చేయించవలెను.

ఈ పనులకు ధనము కంటె శ్రద్ధ ముఖ్యము. వేసవి చివర ఒకసారి మిద్దె యెక్కి ఊడ్చి, తూములు చూచి, వెల్ల వేయవలెను. శ్రావణమున ఒకసారి నీరు నిలుచు చోట్లు గుర్తింపవలెను. వానలు వెనుదిరిగిన పిదప పగుళ్లు చూచుకొనవలెను. ఏటికి మూడు దినముల పని ఇది. దీనిని మానినవారు పెచ్చులు రాలిన పిదప వేలకు వేలు ఖర్చుపెట్టి, చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనినట్లు విచారింతురు.

పాచిని చూచి చీదరించుకొనుట తేలిక. అది చెప్పు మాట వినుట మేలు. నీరు నిలువవలసిన చోట నిలిచినచో పంట. నిలువరాని చోట నిలిచినచో చేటు. వరిమడికి గట్టు వేయుట తెలిసిన రైతునకు మిద్దెకు వాటము పెట్టుట తెలియని విద్య కాదు. నీటికి దారి చూపిన ఇంటిపై పాచి నిలువదు; ఆ ఇల్లు తనలోని వారిని తరతరములు కాపాడును.